టిక్కెట్టు డబ్బుల్లో చెరువు వాటా ఎంత?

హసన్‌పర్తిలో బస్సెక్కితే హనుమకొండ ఎంతో దూరం కాదు. అక్కడ హంటర్ రోడ్డు పక్కన సుమారు 47 ఎకరాల స్థలంలో 1985లో ఏర్పడిన జంతు ప్రదర్శనశాల వుంది. జనం నోట అది ఉత్త "జూ". సర్కారు పెట్టిన పేరు మాత్రం వన విజ్ఞాన కేంద్రం. అడవిని గురించి, జంతుజాలాన్ని గురించి పట్నం పిల్లలకు తెలియజెప్పాలన్నది ఆ పేరులోని వుద్దేశం. నడిపేది అటవీశాఖ. గేటు దగ్గర టిక్కెట్టు కొంటాం, జింకల్ని మొసళ్లను చూస్తాం, చెట్ల నీడన సద్ది విప్పుకొని తిని వస్తాం. దాని పద్దుపుస్తకం సంగతి ఎవరమూ అడగం.

అడగవలసిన రోజులు వచ్చాయి. పర్యావరణ విద్య అనండి, ఎకో టూరిజం అనండి, చెరువుల దగ్గరా అడవుల అంచునా పైరుపొలాల మధ్యా సందర్శకుల కేంద్రాలు వెలుస్తున్నాయి. అవి తమ ఖర్చు తామే సంపాదించుకోవాలని, అంటే వ్యాపారంగా నడవాలని, పాలకులు అంటున్నారు. హసన్‌పర్తి వంటి ఊరికి ఇది పరాయి సంగతి కాదు. చెరువు వుంది, దాని కింద సాగు వుంది, మగ్గం ఎరిగిన వాడలున్నాయి, పక్కనే లక్షల జనమున్న నగరం వుంది. ఊరే మహానగరంలో కలిసిపోయింది. రేపు ఎవరైనా వచ్చి చెరువుకట్ట మీద ఒక భవనం కట్టి "ఇక్కడ పిల్లలకు ప్రకృతిని బోధిస్తాం" అంటే కాదనడానికి కారణం లేదు. అయితే ఆయకట్టు రైతు అడిగే మొదటి మాట ఒకటుంటుంది: "అంత మంచిగనే వుంది గని, మా చెరువు సూపిచ్చి మీరు పైసలు వసూలు చేస్తే మాకేమొస్తది?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పని కేంద్రం ఎన్నాళ్లు నిలుస్తుందో, ఎవరి కోసం నిలుస్తుందో చూడాలి.

ముందు ఒక అపోహ తీసేయాలి. "చదువును వ్యాపారం చేస్తారా?" అని మనవాళ్లలో చాలామంది ముఖం చిట్లిస్తారు. చదువును అంగడిలో పెట్టడం తప్పే. కాని జమాఖర్చు రాసుకోవడం తప్పు కాదు. పద్దు రాయని సంస్థ నష్టాన్ని ఎవరో ఒకరి నెత్తిన పెట్టి నడుస్తుంది. ఆ నెత్తి సాధారణంగా పేదవాడిదే అవుతుంది.

సందర్శక కేంద్రానికి మూడు రకాల ఖర్చులుంటాయి. మొదటిది కట్టుబడి ఖర్చు: భవనం, ప్రహరీ, బొమ్మలు, బోర్డులు. రెండోది రోజువారీ ఖర్చు: చూపించేవాళ్ల జీతాలు, కరెంటు, నీళ్లు, మరుగుదొడ్ల శుభ్రం, మరమ్మతులు. మూడోది, చూపించే వస్తువును నిలబెట్టే ఖర్చు. చెరువును చూపిస్తే చెరువు వుండాలి. కట్ట తెగకుండా, తూము పూడకుండా, మత్తడి కింద కాలువ మూసుకుపోకుండా చూడాలి. పాత విత్తనాన్ని చూపిస్తే దాన్ని ఏటా ఎవరో విత్తాలి, కోయాలి, ఎండబెట్టాలి, బూడిదలో కలిపి దాచాలి. మొదటి ఖర్చుకు శంకుస్థాపన ఫలకం వుంటుంది, మంత్రిగారు వస్తారు. రెండోదానికి టిక్కెట్టు పుస్తకం వుంటుంది. మూడో ఖర్చుకు పద్దే లేదు. రైతు, కూలీ, చేపలు పట్టేవాడు, ఆదివాసీ వూరికే భరిస్తున్నారు.

పైసలిచ్చేవాళ్లు ఎవరు?

పర్యావరణ విద్యను అన్ని తరగతుల్లో నేర్పాలని సుప్రీంకోర్టు చెప్పింది 1991 నవంబరులో, ఎం.సి. మెహతా వేసిన కేసులో. సినిమాహాళ్లలో స్లైడ్లు వేయాలనీ, రేడియోలో టీవీలో చెప్పాలనీ కూడా ఆదేశించింది. అంతకుముందే 1980లలో కేంద్ర ప్రభుత్వం పర్యావరణ విద్యకు ఒక పథకం పెట్టింది. 1984లో అహ్మదాబాదులో పర్యావరణ విద్యా కేంద్రం మొదలైంది. 2001 తర్వాత బడుల్లో హరిత దళాలు, ఎకో క్లబ్బులు వచ్చాయి. ఒక దశలో ఒక్కో క్లబ్బుకు ఏడాదికి ఇచ్చింది 5,000 రూపాయలు. పిల్లల్ని ఒక్కసారి బస్సులో కూర్చోబెట్టి ఎక్కడికైనా తీసుకుపోయి తెస్తే ఏడాది గ్రాంటు ఆ కిరాయికే సరి!

తర్వాత కంపెనీల సొమ్ము వచ్చింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం 500 కోట్ల నికర విలువో, 1,000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో వున్న కంపెనీ తన సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. పర్యావరణం ఆ జాబితాలో వుంది. భవనం కట్టాలంటే ఇవ్వాళ అందరూ చూసేది ఈ తలుపు వైపే. అయితే కంపెనీ తానే పని చేయకపోతే ట్రస్టు, సొసైటీ, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ వంటి వాటి ద్వారా చేయించాలి. వాటికి ఆదాయపు పన్ను కింద 12ఏ, 80జి రిజిస్ట్రేషన్లుండాలి. 2021 నుంచి కేంద్రం దగ్గర పేరు కూడా నమోదు చేసుకోవాలి. రైతులు షేరు పెట్టుకొని కట్టుకున్న ఉత్పత్తిదారుల కంపెనీకి ఈ జాబితాలో చోటు లేదు. అంటే చెరువును కాపాడేవాడి సంఘం చెయ్యి చాచలేదు. కాగితాలు పెట్టడం తెలిసిన పట్నం సంస్థ చాచగలదు. డబ్బు ఎవరి పేరున వస్తే పెత్తనం వాళ్లదే అవుతుందని వేరే చెప్పాలా?

ఇంకొక చిక్కుంది. ఇచ్చేవాడికి ఫోటో కావాలి. గోడ ఫోటోలో పడుతుంది, జీతం పడదు. అందుకే భవనాలు లేస్తాయి, మూడేళ్లకు చూపించేవాడు లేక తాళాలు పడతాయి. ఇలా తాళం పడ్డ సమాచార కేంద్రాలు, ప్రదర్శనశాలలు చూడని జిల్లా ఏది?

మద్రాసు మొసళ్ల దగ్గర రెండు గేట్లు

టిక్కెట్టు రాబడిని ప్రధాన ఆధారంగా చేసుకొని దశాబ్దాలుగా నడుస్తున్న కేంద్రం ఒకటి మనకు పొరుగునే వుంది. మద్రాసుకు దక్షిణాన, మహాబలిపురం పోయే తోవలో, సముద్రపు ఒడ్డున వడనెమ్మేలి అనే చోట 1976లో రోములస్ విటేకర్, ఆయన సహచరులు మొసళ్ల బ్యాంకు పెట్టారు. అప్పటికి మన దేశంలో మొసలి జాతులు అంతరించే దశకు వచ్చాయి. వాటిని పెంచడం, పరిశోధన చేయడం, జనానికి చూపించడం, మూడూ ఒకే ఆవరణలో. జనం కొన్న టిక్కెట్టుతో మొసలి మేత, మనిషి జీతం నడిచాయి. 2020లో కరోనా వచ్చి గేటు మూసేసరికి అదే కేంద్రం విరాళాల కోసం దేశమంతటికీ విజ్ఞప్తి చేసుకోవలసి వచ్చింది. వేసవి సెలవులే వాళ్లకు పంట కాలం. ఆ ఒక్క కారు పోతే ఏడాది పోయినట్టే. వానలు లేక ఖరీఫు పోయిన రైతుకు ఈ బాధ విడమర్చి చెప్పనక్కర లేదు.

రైతులు తెలుసుకోవలసింది మొసళ్ల గురించి కాదు, ఆ ఆవరణలోనే వున్న ఇంకొక గేటు గురించి. అది ఇరుళ పాములవాళ్ల సహకార సంఘానిది.

ఇరుళలు తమిళ దేశపు ఆదివాసులు. పాములు పట్టి చర్మాలు అమ్ముకొని బతికేవాళ్లు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, తర్వాత చర్మాల ఎగుమతి కూడా నిషేధించారు. పాములకు మేలు జరిగింది, ఇరుళల పొయ్యి ఆరింది. చట్టం చేసినవాళ్లు ఆ పొయ్యి గురించి ఆలోచించలేదు. 1978లో వాళ్ల చేత సహకార సంఘం పెట్టించారు. పామును చంపకుండా పట్టడం, కొద్ది వారాలు కుండలో వుంచడం, విషం తీయడం, తిరిగి అడవిలో వదిలిపెట్టడం, ఇదీ పని. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషం మందుల కంపెనీలకు పోతుంది. దానితోనే పాముకాటుకు విరుగుడు సూదిమందు తయారవుతుంది. విషం తీసే పనిని సందర్శకులు చూడవచ్చు, దానికి వేరే టిక్కెట్టు. ఆ డబ్బు సంఘానిది.

హసన్‌పర్తి రైతుకు దీనితో ఏం సంబంధమంటే, సంబంధం చాలా దగ్గరిది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది అని, 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. చావుల్లో సగం దాకా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే, నాట్లు పడే వానకాలంలోనే. మడిలో వట్టికాళ్లతో దిగేది ఎవరో మనకు తెలుసు. ఆ కూలీ తల్లికి ఆసుపత్రిలో ఎక్కించే మందు వెనక ఇరుళ చేతి పని వుంటుంది. 2023లో ఆ సంఘానికి చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్‌లకు పద్మశ్రీ ఇచ్చారు.

ఈ సంఘం కష్టాలు లేనిది కాదు. ఏటా ఎన్ని పాములు పట్టాలో అటవీశాఖ అనుమతి ఇవ్వాలి. ఆ కాగితం ఆలస్యమైతే పని ఆగుతుంది. అయినా గమనించవలసిన సంగతి ఒకటుంది. పామును ఎరిగినవాడే అక్కడ పామును చూపిస్తున్నాడు. గల్లాపెట్టె అతని సంఘానిదే. చూడవచ్చినవాళ్లు తగ్గినా విషం అమ్మకం వుంది, విషం అమ్మకం తగ్గినా చూడవచ్చినవాళ్లున్నారు. రెండు కాళ్ల మీద నిలబడ్డ ఏర్పాటది. ఒక్క టిక్కెట్టు కాలి మీద నిలబడింది కాదు.

మన దగ్గరి ప్రయత్నాలు

మన ప్రాంతంలో దీనికి దగ్గరగా వచ్చినవి వన సంరక్షణ సమితుల చేత నడిపించిన కేంద్రాలు. విశాఖ పక్కన కంబాలకొండలో శంభువానిపాలెం సమితి, తూర్పు కనుమల్లో మారేడుమిల్లి దగ్గర ఆదివాసీ సమితులు, కోరింగ మడ అడవుల్లో గ్రామ కమిటీలు అటవీశాఖతో కలిసి సందర్శకుల ఏర్పాట్లు చూశాయి. ఊరివాళ్లకు పని దొరికింది, అది నిజం. వంట, పడవ, కాపలా, దారి చూపడం. కాని ఈ సమితులు చాలావరకు ప్రపంచబ్యాంకు అప్పుతో వచ్చిన పథకాల నీడన పెరిగాయి. ఖాతాలు ఉమ్మడివి, అధికారి సంతకం లేనిదే పైసా కదలదు. పథకం గడువు తీరగానే చాలాచోట్ల సమితి పేరుకు మిగిలింది. దినకూలీ ఇస్తే భాగస్వామ్యం ఇచ్చినట్టేనని పైవాళ్లు అనుకుంటారు. కూలీ వేరు, వాటా వేరు. కౌలుకు చేసే రైతుకు ఈ తేడా బాగా తెలుసు.

మన పాత వరంగల్ జిల్లాలోనే ఏనెబావి వుంది. ఇప్పుడు జనగామ జిల్లా, లింగాల ఘనపురం మండలం. 1997-98లో పత్తిచేలలో పురుగు పడి, మందు పనిచేయక, అప్పులు తీర్చలేక వరంగల్ జిల్లా రైతులు ప్రాణాలు తీసుకున్న చరిత్ర మరిచేది కాదు. ఆ జిల్లాలోనే యాభై పైచిలుకు ఇళ్లున్న ఈ చిన్న ఊరు మెల్లగా పురుగుమందులు, తర్వాత రసాయన ఎరువులు మానేసి 2006లో తనను తాను రసాయనాలు లేని ఊరుగా ప్రకటించుకుంది. అప్పటినుంచి చూడవచ్చేవాళ్లు వస్తూనే వున్నారు. రైతులు, విద్యార్థులు, అధికారులు, విదేశీయులు. ప్రత్యేకంగా భవనమేదీ అక్కర లేకుండానే ఊరే ఒక విద్యాకేంద్రమైంది. అయితే ఒక్కటి ఆలోచించండి. కలుపు తీయవలసిన పూట, వేపకషాయం కాచవలసిన పూట, నలభై మందిని వెంటబెట్టుకొని చేను చూపిస్తూ రైతు పోగొట్టుకున్న పనిని ఏ పద్దులో రాయాలి? వచ్చినవాళ్లు దండం పెట్టి పోతారు. విశ్వవిద్యాలయంలో అదే సంగతి మీద గంట మాట్లాడినవారికి గౌరవ పారితోషికం వుంటుంది. చేలో మాట్లాడినవారికి దండం!

జహీరాబాదులో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీది ఇంకొక తోవ. అక్కడి దళిత మహిళా సంఘాలు జొన్న, కొర్ర, సామ, అనేక పప్పుల విత్తనాలు నిలబెట్టుకున్నాయి. మాచ్‌నూర్‌లో పచ్చసాలె అనే బడి, 2008లో మొదలైన సంఘం రేడియో, జహీరాబాదులో చిరుధాన్యాల భోజనశాల, ఇవన్నీ దానిలోంచి వచ్చినవే. కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి పోషణలో కృషి విజ్ఞాన కేంద్రం కూడా నడిపారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వాళ్లకు దక్కింది. అన్నిటికంటే ఆకట్టుకునేది వాళ్ల పాత పంటల జాతర. సంక్రాంతి నాడు మొదలుపెట్టి, అలంకరించిన ఎడ్లబండ్లలో విత్తనాలు పెట్టుకొని ఊరూరా తిరుగుతారు. చూడవచ్చేవాడి కోసం కేంద్రం కట్టలేదు, కేంద్రాన్నే బండెక్కించి రైతు వాకిట్లోకి తెచ్చారు. టిక్కెట్టు లేదు. ఖర్చు లేదని కాదు. ఎడ్లకు మేత, మనుషులకు భోజనం, నెలరోజుల పని నష్టం, అన్నీ వున్నాయి. దాతల సొమ్ము, ఆడవాళ్ల శ్రమ కలిసి భరిస్తున్నాయి.

హసన్‌పర్తికి లెక్క వేద్దాం

ఇక మన చెరువుకట్ట మీదికి వద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు, ఎవరూ వీటిని పథకంగా తీసుకోవద్దు. ఒక గది, ఒక రేకుల పందిరి, నాలుగు మరుగుదొడ్లు, తాగునీళ్లు, పాత విత్తనాలు వేసిన చిన్న మడి. చూపించే యువకుడూ యువతీ ఇద్దరు, నెలకు 15,000 చొప్పున. కాపలాకూ శుభ్రానికీ ఒకరు, 10,000. కరెంటు, నీళ్లు, చిల్లర మరమ్మతులు 5,000. బీమా, లెక్కల రాతకోతలు 3,000. నెలకు 48,000, ఏడాదికి 5 లక్షల 76 వేలు.

పిల్లలు ఎన్నిరోజులు వస్తారు? బడి రెండు వందల రోజులకు పైగా వున్నా, పరీక్షలు, పండుగలు, జోరువానలు, మండుటెండలు తీసేస్తే బస్సు వచ్చే రోజులు నూరు దాటవు. రోజుకు ఒక బస్సు, నలభై మంది. ఏడాదికి 4,000 మంది పిల్లలు. తల ఒక్కింటికి 144 రూపాయలు పడింది.

ఇందులో చెరువు తెలిసినవాడు ఇంకా లేడు. చెరువును గురించి చెప్పవలసింది డిగ్రీ చదివిన పిల్లవాడు ఒక్కడే కాదు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి నీళ్లు ఎంతసేపు పారాలో తెలిసినవాడు నీరటి. వల వేసేవాడు వేరు, మగ్గం నేసేవాళ్లు వేరు, విత్తనం దాచే ఆడమనిషి వేరు. రోజుకు ముగ్గుర్ని పిలిచి పని నష్టం కింద ఒక్కొక్కరికి 600 ఇస్తే 1,800, పిల్లవాడికి 45 రూపాయలు. భవనానికి ముప్పై లక్షలైంది, ముప్పై ఏళ్లు నిలుస్తుంది అనుకుంటే దాని అరుగుదల ఏడాదికి లక్ష, పిల్లవాడికి 25. మొత్తం 214 రూపాయలు. ఏడాది ఖర్చు 8 లక్షల 56 వేలు.

ఫీజులు కట్టి చదివే బడి పిల్లవాడు నూరో రెండు నూర్లో ఇవ్వగలడు. కూలీబిడ్డ చదివే సర్కారు బడి? వాళ్లను వూరికే రానివ్వాలి. పిల్లల్లో సగం మంది వాళ్లే అనుకుంటే ఖర్చంతా మిగతా సగం మీద పడుతుంది, తలకు 428 రూపాయలు. ఏ బడీ ఇవ్వదు. టిక్కెట్టు 100 పెడితే రెండు వేల మందికి రెండు లక్షలు. ఆదివారాలు పెద్దవాళ్లు నూరుమంది చొప్పున యాభై వారాలు వచ్చి 30 ఇస్తే లక్షా యాభై వేలు. జొన్నరొట్టె భోజనం రెండు వేలు అమ్మి, ఒక్కోదాని మీద 20 మిగిలితే నలభై వేలు. అన్నీ కూడితే 3 లక్షల 90 వేలు. ఖర్చులో సగం కూడా కాలేదు.

ఇది ఎవరి చేతగానితనమూ కాదు. సర్కారు బడి పిల్లవాడికి చెరువు చూపించడం సర్కారు పని. అతని టిక్కెట్టు విద్యాశాఖో నగరపాలక సంస్థో కట్టాలి. గ్రాంటుగా దయతో కాదు, తలకింత అని రేటు కట్టి, వచ్చిన పిల్లల లెక్క ప్రకారం నెలనెలా. రెండు వేల మందికి 214 చొప్పున కడితే 4 లక్షల 28 వేలు. అప్పుడు లోటు నలభై వేల లోపుకు దిగుతుంది, విత్తనం అమ్మకం, రైతు శిక్షణల ఫీజు దాన్ని పూడ్చవచ్చు. అది చేయకుండా "స్వయంపోషకంగా నడపండి" అంటే ఏం జరుగుతుందో చెప్పడానికి జాతకం అక్కర లేదు. లోటు పూడ్చడానికి మొదట పడవలు వస్తాయి, తర్వాత తినుబండారాల దుకాణాలు, తర్వాత పెళ్లి వేడుకలకు లాను. చివరికి టెండరు, ప్రహరీ, గేటు. గేదెలు నీళ్లకు పోయే బాట మూసుకుపోతుంది. పిల్లలకు చెప్పవలసిన పాఠం గోడ మీది బొమ్మగా మిగులుతుంది.

నిండు చెరువు ఎవరికి కావాలి?

పడవ తిప్పేవాడికి చెరువు ఏడాది పొడుగునా నిండుగా వుండాలి. మే నెలలోనూ అల కొట్టాలి. ఆయకట్టు రైతుకు చెరువు వాడుకోవడానికి వుంది. వానకాలం నిండాలి, యాసంగికి తూము ఎత్తాలి, ఎండాకాలానికి తగ్గాలి. చేపల సంఘానికి కూడా నీళ్లు తగ్గితేనే పెద్దపట్టు. నీళ్లు తగ్గితేనే ఒండ్రు తీసి చేలకు తోలవచ్చు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రంలోని 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీత గురించి మాట్లాడినప్పుడు రైతులు అడిగింది ఆ మట్టినే. ఆ పథకంలోనే మినీ ట్యాంక్‌బండ్లు కూడా వచ్చాయి, కట్ట మీద దీపాలు, బెంచీలు. ఒకే పథకంలో రెండు కోరికలు. నీళ్ల మట్టం మీద అవి ఒకదానికొకటి ఎదురు.

పర్యావరణ దృష్టితో చూసినా రైతు చెరువే మేలు. నీళ్లు తగ్గుతూ పోయేటప్పుడు బయటపడే బురద అంచుల్లోనే ఉల్లంకి పిట్టలు, కొంగలు, చలికాలపు వలస పక్షులు మేత వెదుక్కుంటాయి. అంచుదాకా నిండి, చుట్టూ సిమెంటు పేర్చిన చెరువులో వాటికి కాలు పెట్టే చోటుండదు. ఈ సంగతి ఆ కేంద్రంలో చెప్పవలసిన మొదటి పాఠం. కేంద్రం పైసలు పడవ మీద ఆధారపడితే ఆ పాఠం చెప్పే నోరు దానికి వుండదు.

చెరువు పోషణకు పూర్వం ఒక పద్ధతి వుండేది. శాసనాల్లో దశబంధం అనే మాట కనబడుతుంది. చెరువు కట్టించినవాడికో బాగుచేసినవాడికో దాని కింది రాబడిలో పదోవంతో, అంత విలువైన మాన్యమో ఇచ్చేవారు. నీరటికి మాన్యమో, కల్లంలో మేరనో వుండేది. పాతకాలమంతా బంగారమని నేననడం లేదు. ఆ చెరువుల కట్టలకు మట్టి మోసినవాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. దొరల కాలంలో వెట్టి ఎంత చేయించుకున్నారో తెలంగాణ రైతుకు తెలుసు. కాని ఆ పద్ధతిలో ఒక గట్టి మాట వుంది: చెరువు మీద వచ్చే రాబడిలో చెరువుకు వాటా ముందే తీసిపెట్టాలి, మిగిలితే చూద్దాం అనకూడదు. గేటు దగ్గర వచ్చే ప్రతి పది రూపాయల్లో ఒకటి కట్టకూ తూముకూ కాలువకూ వేరే ఖాతాలో పడితే పైన మనం వేసిన లెక్కలో ఏడాదికి ఎనభై వేల దాకా అవుతుంది. పెద్ద మొత్తమేం కాదు. జమ్ము తీయించడానికి, తూము షట్టరు బాగుచేయించడానికి అక్కరకు వస్తుంది.

ఖాతా ఎవరి పేరున వుండాలి? 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రభుత్వ షేరు లేకుండా, అధికారి పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకొనే సంఘానికి వీలిస్తుంది. ఆయకట్టు రైతులు, చేపల సంఘం వాళ్లు, శిఖంలో మేకలు గొర్రెలు మేపేవాళ్లు, నేతపనివాళ్లు, కూలీ మహిళలు కలిసి అటువంటి సంఘం కట్టుకొని గేటును తమ చేతిలో పెట్టుకోవచ్చు. కంపెనీల సొమ్ము భవనానికి కావలసివస్తే పక్కన ట్రస్టో సొసైటీయో వుండనీయండి. భవనం దాని పేరున, గేటూ పద్దూ సంఘం పేరున. రెంటి మధ్యా రాతమూలకమైన ఒప్పందం, అదీ తెలుగులో. ఇలా కట్టుకున్న సంఘంలోనూ పలుకుబడి వున్న నలుగురు పెత్తనం పట్టే ప్రమాదం లేకపోలేదు. మన సహకార సంఘాల చరిత్ర తెలిసినవారెవరూ దాన్ని కొట్టిపారేయరు. అందుకే కూలీలకూ ఆడవాళ్లకూ పాలకవర్గంలో స్థానాలు ముందే రాసుకోవాలి, నెలనెలా జమాఖర్చు కట్ట మీది బోర్డుకెక్కాలి.

చెరువు దగ్గరికి ఎవరైనా ఇటువంటి పథకంతో వస్తే రంగుల బొమ్మ చూసి చప్పట్లు కొట్టకముందు ఒప్పందపు కాగితం అడిగి చదివించుకోండి. శిఖం భూమి ఎన్నేళ్లకు, ఎవరి పేరున రాస్తున్నారు? సర్కారు బడి పిల్లల టిక్కెట్టు ఎవరు కడతారు? చేపల సంఘం హక్కు అలాగే వుంటుందా, పడవల కాంట్రాక్టు కింద పోతుందా? గేదెల బాట నక్షాలో వుందా? యాసంగి నాట్లకు తూము ఎత్తే రోజును ఎవరు నిర్ణయిస్తారు, ఆ తాళం చెవి ఎవరి దగ్గర వుంటుంది?